పేరు పలకని పురుగు

నేను ఒక పెట్టెను. ఎర్రటి పెట్టెను. మూలలు గుండ్రంగా, మూత మీద తెల్లటి కూడిక గుర్తుతో, పెళ్ళిభోజనాల దగ్గర ఐస్‌క్రీమ్ తెచ్చే పెట్టెకి తోడబుట్టినదానిలా ఉంటాను. నిజంగా తోడబుట్టినదాన్నే. ఇద్దరం ఒకే అచ్చులో, ఒకే రోజున పుట్టాం. దానికి తీపి రాసిపెట్టి ఉంది, నాకు మందు రాసిపెట్టి ఉంది. ఎవరికేది రాయాలో ఆ షెడ్డులో రంగులు వేసే మనిషి నిర్ణయించాడు. తెల్ల రంగు డబ్బా అయిపోయి ఎర్రది తెరిచాడు, అంతే.

నగరం చివర ఆ రేకుల షెడ్డులో నాకు రెండు గోడలు కట్టారు, లోపలొకటి, బయటొకటి. మధ్యలో ఏదో నురగ పోస్తే అది పొంగి గట్టిపడింది. బయట ఎంత ఎండ కాసినా లోపలి చల్లదనం పోకూడదని ఆ ఏర్పాటు. నా మూత సరిగ్గా పడుతోందో లేదో చూసింది ఒకావిడ. పుచ్చకాయ కొనేటప్పుడు తట్టినట్టు నన్ను తట్టి, చెవి ఆనించి, బాగుందని పక్కన పెట్టింది. ఆ పని చేస్తున్నంతసేపూ పక్కామెతో తన కొడుకు జ్వరం సంగతే చెబుతోంది. పొద్దున ఒళ్ళు కాలిపోతుంటే మాత్ర మింగించి, తలుపు గడియ పెట్టి పనికి వచ్చిందట. అలా నేను పుట్టాక విన్న మొదటి మాటలు రోగం గురించే, అది కూడా దూరంగా ఉన్న రోగం గురించి. తల్లి ఒకచోట, బిడ్డ ఒకచోట, మందు ఇంకోచోట. ఆ తర్వాత నా బతుకంతా ఈ మూడిటి మధ్యే తిరిగింది.

నన్ను కొండ కింద ఉన్న ఒక ఊరి ఆసుపత్రికి చేర్చారు. అక్కడ డాబా మీద ఆరు రెక్కల యంత్రం ఒకటి ఉంది. చదువుకున్నవాళ్ళు దాన్ని డ్రోన్ అంటారు. ఎగిరేది అది, దాని పొట్ట కింద వేలాడేది నేను. రోడ్డు లేని కొండ ఊళ్ళకి మందులూ రక్తపు సంచులూ మేమిద్దరం మోసుకెళ్ళాలి. ప్రారంభోత్సవం రోజున మాత్రం నాలో మందులు లేవు. మోతీచూర్ లడ్డూలు ఉన్నాయి. మైదానానికి ఈ చివర లేచి ఆ చివర దిగాం. చప్పట్లు కొట్టారు. ఒక పెద్దమనిషి మైకులో, ఇకమీదట కొండ ప్రజలు మందు కోసం కిందకి దిగనక్కర్లేదని చెప్పి, నా మూత తెరిచి లడ్డూ తీసుకున్నాడు. వేదిక మీదవాళ్ళకే లడ్డూలు సరిపోయాయి. వేదిక కింద నిలబడ్డ కొండవాళ్ళు నా మూత మూసుకోవడం చూసి ఇంటిదారి పట్టారు.

మొదట్లో మా చప్పుడు వినగానే కోళ్ళు గద్ద వచ్చిందని పొదల్లో దూరేవి. పిల్లలు కేకలు వేస్తూ మా నీడ వెంట పరుగెత్తేవాళ్ళు. ఆ జుమ్మనే రొద విని కొండల్లో మాకు జోరీగ అని పేరు పెట్టారు. కొన్నాళ్ళకి పిల్లలు పరుగెత్తడం మానేశారు. తల్లులు మాన్పించారు. ఎందుకంటే జోరీగ ఊరికే రాదు కదా. అది ఏ ఊరి మీద ఆగితే ఆ ఊళ్ళో ఎవరో చావుబతుకుల్లో ఉన్నట్టు. పైనుంచి చూస్తే నాకు అంతా కనిపించేది. మా రొద కొండ దాటగానే చేలల్లో ఆడవాళ్ళు నడుములెత్తేవాళ్ళు. ఒకామె పిల్లల్ని దగ్గరికి లాక్కునేది. ఇంకొకామె చంటిదాని తల మీద కొంగు కప్పేది. మేము వాళ్ళ ఊరు దాటి ముందుకి వెళ్ళిపోతే, ఆ తేలికైన ఊపిరి నా దాకా వినబడినట్టే ఉండేది. ప్రాణం పోసేదాన్ని అనుకున్నాను నన్ను నేను. వాళ్ళు నన్ను రాబందులా చూశారు. తప్పు పట్టలేను.

ఆ రోజుల్లోనే ఒక మాట నేర్చుకున్నాను. ఒక ఊళ్ళో ఎవరినో పాము కరిచిందని నర్సు ఫోను చేస్తే, మంచు పలకల మధ్య మందు సీసాలు పేర్చి నన్ను పంపారు. నేను దిగిన బండ దగ్గర ఒక ముసలాయన, "పురుగు ముట్టినోడికి మందొచ్చినాదర్రా" అని కేక వేశాడు. పురుగేమిటా అనుకున్నాను. అక్కడున్నంతసేపూ విన్నాను, ఒక్కరి నోటా పాము అన్న మాట రాలేదు. నర్సు కూడా వాళ్ళ మధ్య ఉన్నంతసేపూ పురుగనే అంది. కాటు తిన్న మనిషి చెవిన ఆ పేరు పడితే, పేరు పట్టుకుని విషం పైకి ఎక్కుతుందట. ఆ మనిషి తన కాళ్ళ మీద తాను లేచి నడిచేదాకా ఊరు ఊరంతా పురుగనే అనాలి. నాకు నవ్వొచ్చింది. మనుషులు చేత్తో తాకకూడని వస్తువుల్ని దాచిపెట్టడం చూశాను. నోటితో తాకకూడని మాటని కూడా దాచిపెడతారని అప్పుడే తెలిసింది.

ఆ నవ్వు నాకు ఎక్కువ కాలం నిలవలేదు.

వానలు పట్టుకున్న నెల అది. ఘాట్ రోడ్డు ఒకచోట జారి లోయలోకి పోయింది. పైకి వెళ్ళే జీపులు ఆగిపోయాయి. ఆ పొద్దున నేను ఆసుపత్రి బల్ల మీద మూత తెరిచి ఉన్నాను. డాక్టర్ శ్రీనిధి స్టీలు డబ్బాలో ఉప్మా తింటూ ఫోను స్పీకరులో పెట్టింది. ఆమె కొత్తగా వచ్చింది. హైదరాబాదులో పుట్టి పెరిగిన పిల్ల. మంచిది, ఓపికమంతురాలు, రోగి పేరు రెండోసారి అడగదు. అప్పటిదాకా మాకు ఫోన్లన్నీ నర్సుల నుంచే వచ్చేవి. ఏ మందు, ఎన్ని సీసాలు అని వాళ్ళే ఆసుపత్రి భాషలో చెప్పేసేవాళ్ళు. ఒక తల్లి సొంతంగా ఫోను చెయ్యడం అదే మొదటిసారి.

"డాక్టరమ్మా, నాను దమయంతిని. జీలుగుబంద నుంచి. మా గుంటకి పురుగు ముట్టీసినాదమ్మా. బేగి మందు అంపండి."

"పాపకా? ఏం పురుగండీ?"

"పురుగేనమ్మా."

"అంటే తేలా? జెర్రా? కందిరీగలేమైనా కుట్టాయా?"

"కాదమ్మా. అయ్యేవీ కావు. పురుగు."

ఆ చివరి మాటని ఆమె ఎంత ఒత్తి పలికిందంటే, బల్ల మీద ఉన్న నాకు ఆనాటి ముసలాయన కేక గుర్తొచ్చింది. డాక్టరుకి మాత్రం అది చదువులేని మనిషి తడబాటులా వినిపించింది.

"మీరు చూశారా దాన్ని?"

"సూసినానమ్మా. కట్టెలు తీయబోనాది గుంట. ముట్టీసి, కట్టెల కిందకి ఎలిపోనాది. నల్లటిది."

వెనక నుంచి ఒక ముసలి గొంతు వినిపించింది. "పేరెత్తకే కోడలా. గుంట ఇంటాది."

"పక్కన ఏమంటున్నారు?"

"ఏటీ నేదమ్మా. మా అత్త."

"సరే. వాపు ఉందా? నొప్పి ఉందంటోందా?"

"కాలు వాసినాదమ్మా. ఏడిసీ ఏడిసీ ఇప్పుడు ఊరుకున్నాది. నిద్దరొత్తన్నాదంటన్నాది. కళ్ళు మూతలు పడిపోతన్నాయి."

"అలిసిపోయి ఉంటుంది. పడుకోనివ్వండి. భయపడకండి, ఇంజెక్షన్లు, మాత్రలు ఇప్పుడే పంపిస్తాను. మీ నర్సు దగ్గరున్నారా?"

"పై ఊరు ఎల్లినాదమ్మా, పిల్లలకి సూదులెయ్యడానికి. పిలుసుకురాడానికి మనిషి ఎల్లినాడు."

పడుకోనివ్వండి అన్న ఆ మాట నా లోపల పడి, బయటికి పోకుండా అక్కడే ఉండిపోయింది. గదిలో మూలనున్న ఫ్రిజ్ వైపు ఎవరైనా నడుస్తారేమోనని చూశాను. పాముకాటు సీసాలు అందులో ఉన్నాయి. ఎవరూ నడవలేదు. నాలో దద్దుర్లకి వేసే సూదిమందు, కొన్ని మాత్రలు, ఒక పూత గొట్టం పెట్టారు. మంచు పలకలు పెట్టలేదు. వెచ్చగా, తేలిగ్గా ఉన్న నన్ను చూసి డ్రోన్ నడిపే కరీముల్లాకి కూడా అనుమానం వచ్చింది.

"ఏంటి మేడమ్, ఖాళీగా పంపుతున్నామా?"

"ఏదో కుట్టింది పాపని. జెర్రి అయ్యుంటుంది. ఆ తల్లికి పేరు తెలియదు, పాపం."

ఆ తల్లికి పేరు తెలుసు. నాకూ తెలుసు. తెలిసిన ఇద్దరిలో ఒకరు పలకకూడదు, ఒకరు పలకలేరు. కరీముల్లా నన్ను కొక్కేలకి తగిలించి బిగించాడు. మేము లేచాం.

అంత తేలిగ్గా నేను ఎప్పుడూ ఎగరలేదు. కింద లోయలో తెగిన రోడ్డు ఎర్రగా కనబడింది. కొండ అంచుల మీద మబ్బు కూర్చుని ఉంది, ఇంకా కిందకి దిగాలా వద్దా అన్నట్టు. మా రొద విని చేలల్లో ఆడవాళ్ళు ఎప్పటిలాగే పిల్లల్ని దగ్గరికి తీసుకున్నారు. మేము తమ ఊరు దాటగానే ఎప్పటిలాగే వదిలేశారు.

జీలుగుబందలో ఇళ్ళ వెనక చదునైన బండ మీద దిగాం. దమయంతి అక్కడే నిలబడి ఉంది. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళ పిల్ల. మొగుడు కొండ కింద రోడ్డు పనిలో ఉన్నాడు, ఆ తెగిన రోడ్డుకి అవతల. నన్ను విప్పి, రెండు చేతులా ఛాతీకి ఆనించుకుని ఇంటికి పరుగెత్తింది. మూసిన పెట్టెలో ఏముందో తెలియని మనిషి నన్ను అంత గట్టిగా హత్తుకోవడం నేను భరించలేకపోయాను.

ఇంటి పంచలో చాప మీద ఉంది పిల్ల. పేరు జ్యోత్స్న. అంగన్‌వాడీ టీచరు పెట్టిన పేరు. నాయనమ్మ బోడెమ్మకి నోరు తిరగక జోసీ అంటుంది. బోడెమ్మ పిల్ల తల దగ్గర కూర్చుని, రెండు అరచేతులతో దాని చెవులు మూసి పట్టుకుంది. చుట్టూ ఇరుగుపొరుగు.

నర్సు రత్నకుమారి అప్పుడే వచ్చింది, చీర అంచంతా బురదతో. కాలు చూసింది. మడమ పైన రెండు గాట్లు. కళ్ళ రెప్ప ఎత్తితే మళ్ళీ వాలిపోయింది. ఊపిరి పీల్చడం పిల్ల మరిచిపోతున్నట్టుగా ఉంది. మందుందన్న ధీమాతో నా మూత తీసింది. పూత గొట్టం పైకెత్తి చూసి, దాన్ని కింద పెట్టడానికి చోటు దొరకనట్టు అలాగే పట్టుకుంది.

"ఎవరు చెప్పారు ఫోన్లో?"

"నానే నర్సమ్మా."

"ఏమని?"

"పురుగు ముట్టినాదని."

రత్నకుమారి ఆమెని తిట్టలేకపోయింది. ఈ ఊళ్ళో ఆమె కూడా పురుగనే అంటుంది కదా. తన గదిలో ఉండే ఆ మందు సీసాలు పోయిన నెలలో ఇంకొకరికి అయిపోయాయి, రోడ్డు తెగడంతో కొత్తవి రాలేదు. సంచిలోంచి రబ్బరు గాలిబుడ్డి తీసి పిల్ల ముక్కూ నోరూ మూసేలా పెట్టి నొక్కడం మొదలుపెట్టింది. నొక్కితే పిల్ల ఛాతీ లేస్తోంది. వదిలితే పడుతోంది. ఇక ఆమె చేతులు ఆగడానికి వీల్లేదు.

"దమయంతీ, నేను దీన్ని వదిలి ఫోను దగ్గరికి రాలేను. నువ్వు మళ్ళీ ఫోను చెయ్యి. ఈసారి పేరు చెప్పు. అసలు పేరు. అది చెబితేనే ఆ మందు వస్తుంది."

అక్కడ ఒక చిక్కుంది. జీలుగుబంద మొత్తంలో సిగ్నల్ అందేది ఒక్క చోట. అదే పంచ, చివరి రాట. ఫోనుని ఒక గుడ్డసంచిలో వేసి ఆ రాటకే కట్టి ఉంచుతారు. అక్కడి నుంచి కదిపితే మాట తెగిపోతుంది. రాటకి మూరెడు దూరంలో పిల్ల తల ఉంది. పిల్లని జరపడానికి లేదు, ఫోనుని జరపడానికి లేదు.

దమయంతి ఫోను చేతిలోకి తీసుకుంది. బోడెమ్మ ఆమె వైపు చూసింది.

"ఒద్దే. గుంట ముందర ఒద్దు. ఎవరో ఒకరు కిందకి పరుగెట్టి సెప్పొచ్చే."

"పరుగెట్టీసరికి ఏటుంటాదత్తా ఇక్కడ?"

"పేరెత్తినావంటే అది ఇనీసి మళ్ళీ ఒస్తాది. గుంట రగతంలోకి ఎక్కీసుద్ది. మా తమ్ముణ్ణి అలాగే పోగొట్టుకున్నాను. నువ్వు సూసినావేటి?"

ముసలామె అబద్ధం చెప్పడం లేదు. ఆమె తమ్ముడి ముందర ఎవరో ఆ పేరు పలికారు, అతను చచ్చిపోయాడు. ఆ రెండూ ఆమె కళ్ళారా చూసినవే. ఆ రెండిటి మధ్యా ఒక సీసా మందు తక్కువైందన్న సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు.

దమయంతి నంబరు నొక్కింది, అవతల డాక్టరు గొంతు పలికింది. దమయంతి పెదాలు కదిలాయి, మాట రాలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ మింగుతూ వచ్చిన మాట అది. పిల్ల ముఖం చూసింది. రబ్బరు బుడ్డి నొక్కితేనే లేస్తున్న ఆ చిన్న ఛాతీ చూసింది.

"డాక్టరమ్మా, పాము" అంది. "పాము కరిసినాది నా కూతుర్ని. నాగుపాము."

పంచలో ఉన్నవాళ్ళు ఒక్కసారిగా లేచారు. ఎవరూ అరవలేదు. నేల మీద అదే పాకుతూ వచ్చినట్టు కాళ్ళు వెనక్కి తీసుకున్నారు. ఒకామె తన బిడ్డని ఎత్తుకుని మెట్లు దిగిపోయింది. తర్వాత ఇంకొకామె. కాసేపటికి పంచలో నలుగురే మిగిలారు, తల్లి, నర్సు, పిల్ల, దాని చెవులు ఇంకా గట్టిగా నొక్కి పట్టుకున్న ముసలామె.

"ముందే ఎందుకు చెప్పలేదమ్మా?" అంది ఫోనులో డాక్టరు.

"సెప్పినానమ్మా. పురుగని సెప్పినాను."

"పెట్టెని వెనక్కి పంపండి. వెంటనే. నా దగ్గర ఇంకో పెట్టె లేదు."

ఖాళీగా తిరిగి వెళ్ళిన ఆ దారి గురించి నేను చెప్పలేను. దారంతా మబ్బు కిందకి జారుతూనే ఉంది. ఆసుపత్రి డాబా మీద డాక్టర్ శ్రీనిధి వానలో నిలబడి ఉంది, మంచు పలకలు చీర కొంగులో పట్టుకుని. తనే సీసాలు పేర్చింది. ఆ తొందరలో ఒక సీసా ఇంకో సీసాకి తగిలి గలగలమంది. కరీముల్లా చేతిలోని డ్రోన్ కెమెరా తెర చూసి అడ్డంగా తలూపాడు. తెరంతా పాలు పోసినట్టు తెల్లగా ఉంది.

"కొండ కనబడటం లేదు మేడమ్. ఇలాంటప్పుడు లేపొద్దని మాకు ఆర్డరు."

"తెలుసు."

"చెట్టుకి తగిలితే డ్రోనూ పోతుంది, మందూ పోతుంది."

ఆమె నా మూత వేసి, రెండు పక్కలా గడియలు నొక్కి, చెయ్యి తీసేసింది. కరీముల్లా ఇంకోసారి తెర చూసి, ఇంకోసారి ఆమెని చూసి, మమ్మల్ని లేపాడు.

మబ్బులో పైనా కిందా తేడా ఉండదు. నా లోపలి చల్లదనం ఒక్కటే నాకు తెలుస్తోంది. అది సరైన చల్లదనం. బరువు సరైన బరువు. ఇప్పుడు తప్పు నాలో లేదు, బయట ఉంది. ఎక్కడో కిందనుంచి పొగ వాసన వచ్చింది. ఊరు దగ్గరపడిందనుకున్నాను. డ్రోన్ దిగడం మొదలుపెట్టింది. బండ ఉండాల్సిన చోట కొమ్మ ఉంది. ఒక రెక్క విరిగిన చప్పుడు. నా కొక్కెం ఊడింది.

నా కడుపులో గాజు పగిలిన చప్పుడు నేనే విన్నాను. ఒకటా, అన్నీనా, తెలియలేదు. పుట్టినప్పటి నుంచీ మూసుకుని ఉండటమే నా పని. ఆ క్షణంలో నన్ను ఎవరైనా తెరవాలని కోరుకున్నాను, అదే సమయంలో ఎవరూ తెరవకూడదనీ కోరుకున్నాను.

తెరిచింది దమయంతే. చప్పుడు విని మబ్బులో తడుముకుంటూ వచ్చింది. గడియ వంగిపోయి మూత రాలేదు. నడుముకున్న కట్టెల కత్తి తీసి మూత సందులో దూర్చి పెకలించింది. కీలు విరిగింది. లోపల మంచూ మందూ గాజు పెంకులూ కలిసి ఉన్నాయి. వేళ్ళు తెగుతున్నా చూసుకోకుండా ఒక్కొక్క సీసా బయటికి తీసింది. కొన్ని పగిలాయి. చాలావరకు నిలిచాయి. వాటిని కొంగులో మూటగట్టి పరుగెత్తింది. నా గురించి ఎవరికీ గుర్తులేదు. ఆ సాయంత్రం దాకా వానలో మూత తెరుచుకుని పడి ఉన్నాను. నాలో వాననీళ్ళు నిండాయి.

తర్వాత సంగతి నర్సు చెప్పుకుంటుంటే విన్నాను. ఫోనులో డాక్టరు చెబుతూ ఉంటే సీసాలన్నీ సెలైన్‌లో కలిపి ఎక్కించింది రత్నకుమారి. దమయంతి గాలిబుడ్డి నొక్కింది. వేళ్ళకి గుడ్డపేలికలు చుట్టుకుని, నొక్కి వదిలి, నొక్కి వదిలి, చేతులు తిమ్మిరెక్కినా ఆపలేదు. సాయంత్రం మబ్బు విడిచాక, పొద్దువాలే ఎండ పంచలోకి వచ్చాక, పిల్ల రెప్పలు కదిలాయి. బుడ్డి తీసి చూస్తే ఊపిరి దానంతటదే ఆడుతోంది. చాలాసేపటికి పెదాలు విప్పి, పలికీ పలకనట్టుగా, "మామ్మా, నా సెవులొగ్గీ, నొప్పెడతన్నాయి" అంది.

పొద్దుటి నుంచీ బోడెమ్మ ఆ చేతులు తియ్యనేలేదట. తీశాక చూస్తే పిల్ల చెవులు రెండూ మందారాల్లా ఎర్రబడి ఉన్నాయట. పిల్ల బతకడానికి తన చేతులే కారణమని ఆమె ఇప్పటికీ అంటుంది. నేను ఒప్పుకోను, కాదని చెప్పే నోరూ నాకు లేదు.

డ్రోన్‌కి రెక్క మార్చి తీసుకెళ్ళారు. నన్ను పనికిరానిదాన్నని తేల్చి, కొత్త పెట్టె కొన్నారు. విరిగిన కీలుతో నేను జీలుగుబందలోనే ఉండిపోయాను. దమయంతి నన్ను ఇంటికి తెచ్చి పంచలో రాట పక్కన పెట్టింది. నాలో విత్తనపు చిక్కుళ్ళు పోసుకుంది. కూర్చోవడానికి పీటగా కూడా పనికొస్తాను. మందు మోసిన పెట్టెకి ఇంతకన్నా మర్యాద ఎక్కడ దొరుకుతుంది? అలా అనుకుని సుఖంగా ఉండాల్సినదాన్ని.

కానీ ఊరు లెక్క వేరుగా వేసింది. పేరు పలికారు. పిల్ల పోలేదు. మరి ఆ పేరు మోసుకొచ్చిన కీడు ఎక్కడికి పోయినట్టు? గాలిలో కలిసిపోదు కదా. పలికిన మనిషిలోనే ఉండాలి. ఈ లెక్క ఎవరూ పైకి చెప్పలేదు. బాలింత ఉన్న ఇంటివాళ్ళు దమయంతి వస్తుంటే చూసి తలుపు దగ్గరగా వేసుకున్నారు, అంతే. విత్తనాలు చల్లే రోజున పక్కింటి మల్లేశ్వరి తన గంప ఆమె చేతికి ఇవ్వలేదు. బావి దగ్గర ఆమె ముంత ముంచాక కాసేపు ఎవరూ ముంచేవాళ్ళు కాదు. పేరెత్తినామె అని వెనక అనుకునేవాళ్ళు. మనుషులు మంచివాళ్ళే. పిల్ల బతికినందుకు సంతోషించారు. కోడిని కూడా తెచ్చి ఇచ్చారు, పంచ మెట్టు మీద పెట్టి.

దమయంతి తన పని తాను చేసుకుపోయేది. కూతురు కట్టెల వైపు నడిస్తే మాత్రం చేతిలో ఉన్నది ఎక్కడిదక్కడ వదిలి వెళ్ళేది. పిల్ల ఆవలిస్తే చాలు, గడ్డం పట్టుకుని కళ్ళలోకి చూసేది. అత్తా కోడళ్ళ మధ్య ఆ సంగతి మళ్ళీ రాలేదు. బోడెమ్మ మాత్రం బావి దగ్గర ఎవరైనా ముంత ఆపితే, "ముంచండే, నీల్లేటి కరుస్తాయా" అని గట్టిగా అనేది.

ఒకసారి నర్సు నా మీద కూర్చుని చెప్పింది. "డాక్టరమ్మ ఇప్పుడు పురుగు అనగానే, పామా అని అడుగుతోంది. ఆ మాట వినగానే, ఏ మందు పంపాలో తేలకముందే అవతలివాళ్ళు ఫోను పెట్టేస్తున్నారట. మొన్న పై ఊళ్ళో అలాగే ఒకడు పోయాడు." డాక్టరు నేర్చుకుంది. కానీ ఆమె నేర్చుకున్నది తిరిగి కొండ ఎక్కలేకపోయింది.

మొన్న, మధ్యాహ్నం వేళ. దమయంతికి ఇప్పుడు ఆరో నెల. నా మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. మల్లేశ్వరి పరుగున వచ్చి మెట్టు కింద ఆగిపోయింది. పసుపు చేలో ఆమె మొగుడికి చేతి మీద ముట్టిందట. నర్సు అతన్ని వదిలి రాలేకపోయిందట.

"దమ్మీ, ఒకపాలి సెప్పీయే ఫోన్లో. నా నోటెంట రాదు."

బోడెమ్మ లోపల్నుంచి వచ్చింది. "దాని కడుపులో గుంట ఉన్నాది. కానరాదేటి నీకు?"

"నా మొగుడు సచ్చిపోతాడత్తా. దానికెలాగూ ఆ పేరు అంటుకున్నాదే కదా. ఇంకొకపాలికి ఏటవుద్ది?"

అన్నాక ఆమెకే తెలిసింది తానేమన్నదో. తల వంచుకుంది. మెట్టు మాత్రం ఎక్కలేదు. ఇదే మల్లేశ్వరి గంప ఇవ్వనిది. దమయంతి ఆమెని చూసింది. నేను కింద ఉన్నాను, ఆమె బరువంతా నా మీద ఉంది. ఆ బరువులో ఇంకో బరువు కదలడం నాకు తెలిసింది.

లేచింది. ఒడిలోని చిక్కుళ్ళు నా చుట్టూ రాలాయి. రాట దగ్గరికి వెళ్ళి, సంచిలోంచి ఫోను తీసి నంబరు నొక్కింది. అవతల మోగుతోంది.

బోడెమ్మ అడ్డం పడుతుందేమో అనుకున్నాను. పడలేదు. గబగబా కోడలి ముందుకి వచ్చి నేల మీద కూర్చుంది. రెండు అరచేతులూ ఆమె పొట్టకి చెరోపక్కా ఆనించి, పిల్ల చెవులు ఎక్కడుంటాయో వెతుకుతున్నట్టు కాసేపు తడిమి, గట్టిగా అదిమి పట్టుకుంది.

"ఇప్పుడు సెప్పు" అంది.

దమయంతి చెప్పింది. జోరీగ రొద కొండ ఇవతలికి వినబడేదాకా ముసలామె ఆ చేతులు తియ్యలేదు.